ఖజానాలో మిగిలినది ఎవరికి చెందాలి? పోల్కాడాట్, కుసామా మిగులు నిధుల ఏర్పాటుపై ఒక ఓటరు సమీక్ష

నేను పోల్కాడాట్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌లో ఓటు వేయడం మొదలుపెట్టిన రోజుల్లో, దాని ఉమ్మడి నిధి అయిన ఖజానా పేజీ తెరవగానే ప్రతిపాదనల జాబితాకన్నా ముందు రెండు అంకెలు కంటబడేవి. ప్రస్తుత ఖర్చు గడువు ముగియడానికి ఇంకా ఎన్ని రోజులుందో చెప్పేది ఒకటి, ఆ గడువు ముగిసే క్షణాన ఎన్ని డాట్ టోకెన్లు కాలిపోతాయో చెప్పేది రెండోది. ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయిన సొమ్ములో కొంత భాగాన్ని శాశ్వతంగా చెలామణి నుంచి తొలగించే ఆ పద్ధతి మొదట్లో నాకు వింతగా తోచింది. అందరిదీ అయిన సొమ్మును కాల్చేసే బదులు, ఓపికగా ప్రతిపాదనలు చదివి ఓట్లు వేసేవారికి పంచిపెట్టవచ్చు కదా అనిపించింది. ఆ ప్రశ్నకు పోల్కాడాట్ తోబుట్టువు లాంటి కుసామా నెట్‌వర్క్ భిన్నమైన జవాబు ఇచ్చింది. ఈ రెండు ఖజానాలనూ ఒక టోకెన్‌దారుగా, ఓటరుగా వాడి చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నేను ఎన్నడూ ఖజానాను నిధులు అడగలేదు కనుక, అడిగినవారి కష్టసుఖాలు ఇందులో ఉండవు. ఇందులో వచ్చే శాతాలు, గడువులు బ్లాక్‌చెయిన్ మీదే జరిగే ఓటుతో ఎప్పుడైనా మారగలిగినవి. నా దృష్టి వాటి వెనుక ఉన్న రూపకల్పన మీదే ఉంది.

ముందుగా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. 2020లో పోల్కాడాట్ మొదలైనప్పటి ఏర్పాటు ప్రకారం లావాదేవీల రుసుములో 80 శాతం ఖజానాకు చేరేది. తప్పు చేసిన వాలిడేటర్ల (లావాదేవీలను ధ్రువీకరించేవారి) నుంచి కోసిన జరిమానాలు, నెట్‌వర్క్ భద్రత కోసం టోకెన్లను పూచీగా పెట్టేవారికిచ్చే స్టేకింగ్ ప్రతిఫలాలు పోగా మిగిలిన కొత్త టోకెన్లు కూడా అక్కడికే వచ్చేవి. 2024 చివరలో ఈ లెక్కను సరళం చేసి, ఏటా 12 కోట్ల డాట్ కొత్తగా సృష్టించి అందులో 15 శాతాన్ని ఖజానాకు ఇవ్వాలని ఓటర్లు నిర్ణయించారు. ఖర్చు వైపు చూస్తే, 2023లో అమలులోకి వచ్చిన ఓపెన్‌గవ్ అనే ఓటింగ్ విధానంలో 250 డాట్‌కు మించని చిన్న బహుమతి మొదలుకొని కోటి డాట్ వరకూ వెళ్లగల భారీ ఖర్చు దాకా వేర్వేరు దారులున్నాయి, మొత్తం పెరిగేకొద్దీ ఆమోదానికి దాటవలసిన గీతలు కూడా కఠినమవుతాయి.

మిగులు విషయంలో పోల్కాడాట్ రూపకల్పన ఇలా సాగింది. ప్రతి 24 రోజులకు ఒక ఖర్చు గడువు ముగిసేది, ఆమోదం పొందిన చెల్లింపులన్నీ అప్పుడు జరిగేవి, ఆ తరువాత ఖజానాలో మిగిలిన సొంత టోకెన్లలో 1 శాతం కాలిపోయేది. ఆమోదం పొందినా నిధులు చాలక ఏదైనా చెల్లింపు ఆగిపోతే, ఆ విడతలో దహనం జరిగేది కాదు. ఈ చిన్న షరతు నాకు నచ్చింది, ఎందుకంటే ఇవ్వవలసిన బాకీ ఉండగా ఇల్లు తగలబెట్టుకోకూడదన్న ఇంగితం అందులో ఉంది. 1 శాతమంటే కొంచెమే అనిపించవచ్చు గాని, సంవత్సరంలో అలాంటి గడువులు పదిహేనుకు పైగా వచ్చేవి. కొత్త రాబడి, ఖర్చు రెండూ లేవనుకుంటే ఏడాదికి ఖజానాలో సుమారు 14 శాతం కరిగిపోయేది.

దహనాన్ని సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. టోకెన్ల సంఖ్య తగ్గితే మిగిలిన ప్రతి టోకెన్ వాటా ఆ మేరకు పెరుగుతుంది, అంటే మిగులు సొమ్ము టోకెన్‌దారులందరికీ వారి వారి నిష్పత్తిలో తిరిగి చేరినట్టే. దీనికి దరఖాస్తు, అర్హత పరీక్ష, గుర్తింపు పత్రం ఏవీ అక్కరలేదు. దొంగ ఖాతాలు సృష్టించి ఎక్కువ రాబట్టుకోవడమూ కుదరదు. అయితే ఏళ్ల తరబడి నిద్రపోయిన వాలెట్‌కూ (టోకెన్ల ఖాతాకూ), వారానికి పది ప్రతిపాదనలు చదివి లోపాలు ఎత్తిచూపే వ్యక్తికీ టోకెన్లు సమానమైతే అందే మేలు కూడా సమానమే. పాలనలో పాలుపంచుకోవడానికి దహనం ఎలాంటి ప్రతిఫలమూ ఇవ్వదు.

ఇవ్వకపోవడం ఒక్కటే దాని లోపం కాదు. ఖర్చు కాకపోతే కాలిపోతుందన్న భావన, గడువు దగ్గరపడేకొద్దీ, బాగాలేని ప్రతిపాదనను కూడా పోనీలే అని దాటించే ధోరణికి ఊతమిస్తుంది. నిజం చెప్పాలంటే 1 శాతం భయానికి ఎవరూ అంత కంగారు పడనవసరం లేదు, ఖర్చులతో పోలిస్తే దహనం చిన్నదే. 2024 మొదటి ఆరు నెలల్లో పోల్కాడాట్ ఖజానా నుంచి సుమారు 1.1 కోట్ల డాట్, అప్పటి విలువలో 8.7 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని ఖజానా నివేదిక వెల్లడించింది, అందులో 3.7 కోట్ల డాలర్లు ప్రచారానికే వెళ్లాయి. ఆ వేగంతో సాగితే ఖజానా ఎంత కాలం నిలుస్తుందన్న చర్చ అప్పట్లో పెద్దగానే నడిచింది. అలాంటి చోట మిగులును ఏం చేయాలన్న ప్రశ్న కొంత విలాసంగా కనిపిస్తుంది గాని, అది ఓటరు మనసును ఎటు మళ్లిస్తుందన్నది మాత్రం చిన్న విషయం కాదు.

ఇక కుసామా సంగతి. 2019లో మొదలైన ఈ నెట్‌వర్క్, పోల్కాడాట్‌లోకి రాబోయే మార్పులను నిజమైన డబ్బుతో ముందే పరీక్షించే ప్రయోగశాల లాంటిది, అందుకే అక్కడ గడియారం వేగంగా తిరుగుతుంది. నేను చూసిన ఏర్పాటులో ఖర్చు గడువు 24 రోజులకు బదులు 6 రోజులు, మిగులులో కోత 1 శాతానికి బదులు 0.2 శాతంగా ఉండేవి. ఏడాదికి లెక్కిస్తే ఇదీ సుమారు 11 శాతానికి చేరేది. అసలు తేడా ఆ కోత వెళ్లే చోటులో ఉండేది. కాలిపోవలసిన ఆ భాగాన్ని కుసామా కోడ్ నాశనం చేయకుండా, సొసైటీ అనే సభ్యత్వ సంఘం నిధి కుండలోకి అప్పట్లో మళ్లించేది. ఖర్చు కాని ఖజానా సొమ్మును మనుషుల భాగస్వామ్యానికి ప్రతిఫలంగా మార్చిన ఏర్పాట్లలో నేను దగ్గరగా చూసినది ఇదే.

ఆ సంఘంలో చేరే పద్ధతి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. చేరదలచుకున్నవారు తమకు ఎంత కేఎస్ఎం (కుసామా టోకెన్) ఇస్తే చేరతారో తామే బిడ్ వేయాలి, సున్నా కూడా వేయవచ్చు. తక్కువ అడిగినవారికి ముందు అవకాశం వస్తుంది కనుక ఎవరూ గొంతెమ్మ కోర్కెలు కోరలేరు. అభ్యర్థి నిజమైన మనిషేనని, సంఘం నియమాలు పాటించాడని సభ్యులు పరిశీలించి ఓటు వేస్తారు. ఆ నియమాల్లో పేరుమోసినది, ఒంటి మీద కుసామా పచ్చబొట్టు పొడిపించుకుని దాని ఫొటోను రుజువుగా చూపించడం. వినగానే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కాస్త ఆలోచిస్తే మాత్రం, ఒక మనిషి వంద వాలెట్లు సృష్టించుకోగలడు గాని వంద పచ్చబొట్లు పొడిపించుకోవడానికి సిద్ధపడడు కదా! గుర్తింపు కార్డు అడగకుండా, వ్యక్తిగత వివరాలు సేకరించకుండా, ఒక మనిషికి ఒకే సభ్యత్వం అన్న నియమాన్ని ఇంత చవకగా, ఇంత నొప్పిగా కాపాడే ఉపాయం మరొకటి నేను చూడలేదు.

చేరినవారి పని అక్కడితో తీరిపోదు. కొత్త అభ్యర్థులపై ఓటు వేయకుండా తప్పించుకునేవారికి స్ట్రైక్‌లు, అంటే తప్పు గుర్తులు, పడతాయి, అవి మితిమీరితే సభ్యత్వం నిలిచిపోతుంది. సభ్యుల్లో ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచి, ఇతడు ఇంకా సభ్యుడిగా కొనసాగాలా అని మిగతావారిని అడిగే ఏర్పాటు కూడా ఉంది. చేతికి రావలసిన సొమ్ము వెంటనే రాదు, కొంత కాలం బంధంలో ఉండి తరువాత విడుదలవుతుంది. పాల్గొనడమంటే ఒక్కసారి మీట నొక్కి బహుమతి అందుకోవడం కాదని, కొంత కాలం బాధ్యతగా నిలబడటమని ఈ మూడు ఏర్పాట్లూ చెబుతున్నాయి, ఈ విషయంలో రూపకర్తలకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

అంతకన్నా విలువైన లక్షణం మరొకటి ఉంది, అది పైకి కనిపించదు. సొసైటీకి వెళ్లిన వాటా ముందే స్థిరమైన చిన్న శాతం, అది అందింది సంఘ సభ్యులకు. ఖజానా ప్రతిపాదనలపై ఓటు వేసే కేఎస్ఎం టోకెన్‌దారులు అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద సమూహం. అంటే, ఖర్చు చేయాలా వద్దా అని తేల్చే చేతికీ, ఖర్చు కాకపోతే లాభపడే చేతికీ మధ్య దూరం ఉండేది. మిగులును ఓటర్లకే పంచాలని ఉత్సాహంగా కోరేవారు సాధారణంగా గమనించనిది సరిగ్గా ఈ దూరాన్నే. ఏడాది చివరిలో మిగిలినదంతా ఓట్లు వేసినవారికి పంచుతామని ఒక ఖజానా ప్రకటించిందనుకుందాం. ఆ క్షణం నుంచి ప్రతి ఓటరూ మిగులులో వాటాదారు అవుతాడు. అతని ముందుకు వచ్చే ప్రతి ప్రతిపాదనా అతని జేబులోంచి తీసే డబ్బుగా మారుతుంది. నెట్‌వర్క్‌కు పదేళ్ల తరువాత పనికొచ్చే పరిశోధన, పత్రాల అనువాదం, భద్రతా తనిఖీ లాంటివి, అంటే ఫలితం ఆలస్యంగా లేదా అందరికీ కొంచెం కొంచెంగా అందే పనులే ముందుగా తిరస్కరణకు గురవుతాయి. భాగస్వామ్యం పెరిగిందని గణాంకాలు చూపిస్తాయి, ఎందుకంటే వద్దు అని వేసిన ఓటు కూడా ఓటే కదా. అడిగిన ప్రతిదానికీ కాదనడమే లాభమైన చోట, ఖజానా ఉండి ఏం ప్రయోజనం?

ఇది ఊహించి చెప్పే మాట కాదు. కొంతకాలం క్రితం ఒక చిన్న వికేంద్రీకృత సంఘంలో నేను సభ్యుడిగా ఉన్నాను, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ప్రతి త్రైమాసికంలో ఖర్చు కాని నిధిని, సభ్యులు వేసిన ఓట్లు, రాసిన వ్యాఖ్యల సంఖ్యను బట్టి పంచేవారు. మొదటి త్రైమాసికం ఉత్సాహంగా గడిచింది. రెండో త్రైమాసికానికి, పది పేజీల ప్రతిపాదన పెట్టిన అయిదు నిమిషాల్లోనే ఓట్లు పడటం మొదలైంది. మంచి ఆలోచన, పూర్తి మద్దతు లాంటి రెండు ముక్కల వ్యాఖ్యలు బారులు తీరాయి. మూడో త్రైమాసికం చివరి రెండు వారాల్లో వచ్చిన ప్రతిపాదనలన్నీ వీగిపోయాయి, వాటిలో ఒకటి అంతకుముందు అందరూ కలిసి కోరుకున్న పనే. నేను కూడా ఆ రెండు వారాల్లో ఒక ప్రతిపాదనను సరిగా చదవకుండా వద్దని ఓటు వేశాను, ఆ తరువాత ఎందుకు వేశానో నాకు నేనే సమాధానం చెప్పుకోలేకపోయాను. ఆ అనుభవం తరువాతే కుసామాలోని ఆ చిన్న 0.2 శాతం విలువ నాకు అర్థమైంది.

అయినా కుసామా ఏర్పాటులో లోపం లేదనను. ప్రతిఫలం సరైన చేతిని వెతుక్కోలేదు. ప్రతిపాదనలను ఓపికగా చదివి, బడ్జెట్ అంకెలు సరిచూసి, ఇదివరకు ఇచ్చిన నిధులకు లెక్కలు అడిగే కొద్దిమంది శ్రమ మీదే ఏ ఖజానా అయినా నిలుస్తుంది. సొసైటీ కుండ మాత్రం వారిని చూడదు, పచ్చబొట్టు ఉన్నవారిని చూస్తుంది. మనిషి ఒక్కడేనని రుజువు చేసే గొప్ప పరికరం చేతిలో ఉండి కూడా, దాన్ని ఖజానా పరిశీలన అనే అసలు పనికి ముడిపెట్టకపోవడం నాకు తీరని అసంతృప్తి. సభ్యత్వ సంఘం ఒక సరదా ప్రయోగంగానే మొదలైంది కనుక ఇంత పెద్ద పని దాని నెత్తిన పెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే, ఆ మాటలోనూ న్యాయం ఉంది.

మిగతా నెట్‌వర్క్‌లు ఇదే ప్రశ్నను ఎలా పరిష్కరించుకున్నాయో చూస్తే ఈ రెండింటి స్థానం మరింత స్పష్టమవుతుంది. డాష్‌లో నెలకు ఒకసారి వచ్చే బడ్జెట్‌లో ఆమోదం పొందిన ప్రతిపాదనలకు సరిపడా నాణేలే పుడతాయి, ఎవరూ గెలుచుకోని భాగం అసలు సృష్టికే నోచుకోదు. కాల్చడం, పంచడం అనే గొడవే లేని శుభ్రమైన పద్ధతి ఇది. డిక్రెడ్ 2016లో మొదలైనప్పుడు ప్రతి కొత్త బ్లాక్‌తో పుట్టే ప్రతిఫలాన్ని, ఆ బ్లాక్‌లను తయారుచేసే మైనర్లకు 60, ఓటర్లకు 30, ఖజానాకు 10 శాతంగా విభజించింది. ఓటు హక్కునిచ్చే టికెట్ కొన్నవారు తమ వంతు వచ్చినప్పుడు ఓటు వేస్తేనే ప్రతిఫలం అందుతుంది, తప్పిపోతే పోయినట్టే. ఇక్కడ ఓటరు జీతం ఖజానా మిగులు నుంచి కాక వేరే పాయ నుంచి వస్తుంది, అందువల్ల ఖర్చుకు అడ్డుపడితే అదనంగా దక్కేదేమీ ఉండదు. నా దృష్టిలో ఈ విషయంలో అందరికన్నా ఆరోగ్యకరమైన నిర్మాణం డిక్రెడ్‌దే.

అల్గోరాండ్ 2021 అక్టోబరులో పెట్టిన పాలనా విధానం మరో రకం. మొదటి త్రైమాసికానికి 6 కోట్ల ఆల్గో టోకెన్లను బహుమతి నిధిగా ప్రకటించారు. టోకెన్లను త్రైమాసికమంతా కదపకుండా ఉంచి, జరిగిన ప్రతి ఓటింగ్‌లో పాల్గొన్నవారికే అందులో వాటా. మధ్యలో జారిపోయినవారి వాటా చివరిదాకా నిలిచినవారికి చేరేది. నిష్క్రియులకు దక్కనిది క్రియాశీలులకు వెళ్లాలన్న కోరికను ఇంత నేరుగా తీర్చిన విధానం తక్కువే. అయితే అక్కడ కొలిచింది ఓటు పడిందా లేదా అన్నదాన్ని, దాని వెనుక ఆలోచన ఉందా అన్నదాన్ని కాదు. బహుమతి కోసం గడువు గుర్తుపెట్టుకోవడం, పాలన మీద శ్రద్ధ పెట్టడం ఒకటి కావని వేరుగా చెప్పనక్కరలేదు. ఆర్బిట్రమ్ అయితే ఇంకా జాగ్రత్తగా నడిచింది. 2023 మార్చిలో ఎయిర్‌డ్రాప్‌గా, అంటే ఉచితంగా, పంచినవాటిలో ఆరు నెలలైనా ఎవరూ తీసుకోని సుమారు 6.9 కోట్ల ఏఆర్‌బీ టోకెన్లను మళ్లీ సంఘం ఖజానాకే చేర్చింది, తరువాత ఏం చేయాలన్నది ఓటర్లకు వదిలేసింది.

పంచడంలో ఎదురయ్యే మరో చిక్కును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెద్ద టోకెన్‌దారులే అంతా పట్టుకుపోకుండా, టోకెన్ల సంఖ్యకు వర్గమూలం తీసి దాని ప్రకారం పంచాలని కొందరు సూచిస్తారు. ఉద్దేశం మంచిదే. కాని 10,000 టోకెన్లున్న ఒక వాలెట్‌కు ఈ లెక్కలో 100 పాయింట్లు వస్తే, అదే సొమ్మును వంద వాలెట్లలో వందేసి చొప్పున విడదీసినవాడికి 1,000 పాయింట్లు వస్తాయి. చిన్నవారిని కాపాడాలనుకున్న సూత్రం, మోసగాడికి పది రెట్లు ఎక్కువ ఇస్తుంది. మనిషి ఒక్కడేనని తేల్చే దారి లేకుండా ఏ సమానత్వ సూత్రమూ నిలబడదు. పచ్చబొట్టును నేను అంతగా పొగడడానికి కారణం కూడా ఇదే.

వాడుక విషయానికి వస్తే, పోల్కఅసెంబ్లీ, సబ్‌స్క్వేర్ అనే ఓటింగ్ వెబ్‌సైట్లు రెండూ ప్రతిపాదనలను, ఖజానా నిల్వలను చక్కగా చూపిస్తాయి. టోకెన్లు బంధించకుండా ఓటు వేస్తే దాని బరువు పదో వంతే. ఏడు రోజులు బంధిస్తే పూర్తి బరువు, 224 రోజులు బంధిస్తే ఆరు రెట్లు. కొత్తగా వచ్చేవారు ఈ లెక్క తెలియక పెద్ద గుణకం నొక్కి, తరువాత టోకెన్లు కదలడం లేదని కంగారుపడతారు. మీట నొక్కే ముందు విడుదల తేదీని పెద్ద అక్షరాల్లో చూపించి ఉంటే బాగుండేది. దహనం సొంత టోకెన్‌కే వర్తిస్తుందని, స్థిర విలువ టోకెన్లలో ఉంచిన ఖజానా సొమ్ము ఆ లెక్కలోకి రాదని కూడా పేజీలో ఎక్కడో ఒకచోట సూటిగా చెప్పవలసింది. ఓటు వేసినందుకు నేరుగా ప్రతిఫలమేమీ రాదన్న సంగతి తెలిసే లోపలికి అడుగుపెట్టాలి.

మార్కుల విషయంలో, పోల్కాడాట్ దహనానికి అయిదుకు మూడు ఇస్తాను. అది నిజాయితీ గలది, దొంగలకు చోటివ్వనిది, కానీ శ్రమించినవారిని పట్టించుకోనిది. కుసామా మళ్లింపుకు నాలుగు ఇస్తాను, ఆ పోయిన ఒక్క మార్కు పూర్తిగా గురి తప్పినందుకే. మిగులును నేరుగా ఓటర్లకు పంచే ఏర్పాటు ఏ నెట్‌వర్క్‌లో కనిపించినా, టోకెన్లు బంధించే ముందు మూడు సంగతులు చూసుకోండి: పంచే భాగం ముందే స్థిరంగా ఉందా, లేక ఖర్చు తగ్గేకొద్దీ పెరుగుతుందా; ఒక మనిషి ఒక్కసారే లెక్కకు వస్తాడా; డబ్బు వెంటనే చేతికొస్తుందా, ఆగి వస్తుందా. మొదటి ప్రశ్నకు ఖర్చు తగ్గేకొద్దీ పెరుగుతుందన్న జవాబు వస్తే, మిగతా రెండూ చూడకుండానే నేను ఆ పేజీ మూసేస్తాను.